గుర్రాల కొట్టం నేల

సీల్డ్ గేర్‌బాక్సులో ఆయిలు ఇంటి దగ్గర మార్చుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది కుర్రవాళ్లు అడుగుతున్నారు. ఫోన్లలో వీడియోలు చూసే వస్తారు. అయినా పెద్దవాడి నోట ఒక మాట వినిపోదామని అడుగుతారు. మార్చుకోవచ్చు. నేను మార్చాను. పెనుకొండలో, మా ఇంటి ఆవరణలో, నా చేతులతోనే మార్చాను. ఆ బండి తర్వాత ఇరవై రెండు రోజులు నడిచింది.

హిందూపురంలో ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి విరమించుకున్నవాణ్ణి. బాగు చేసిన బండ్ల గురించి రాయమంటే రాయడానికి చాలా ఉన్నాయి. వాటిని చదివి మీరు నేర్చుకునేది పెద్దగా ఉండదు. బాగైన బండి ఎందుకు బాగైందో చాలాసార్లు మాకే తెలియదు. చెడగొట్టిన బండి సంగతి అలా కాదు. అది ప్రతి నిమిషమూ గుర్తుంటుంది.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే మిగిలింది అర్థం కాదు.

మా ముత్తాత కాలంలో మా కొట్టంలో పదకొండు గుర్రాలు ఉండేవట. చివరి గుర్రాన్ని మా తాత అమ్మాడు. పొలాలు మా నాయన అమ్మాడు. నా దాకా వచ్చేసరికి మిగిలింది చేతుల్లో పనితనం ఒక్కటే, అదీ నేను కొత్తగా నేర్చుకున్నది. ఈ వరుస నేను బయట ఎప్పుడూ చెప్పుకోలేదు. ఈ పనిలో ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే యంత్రాలంటే ఇష్టమని చెప్పేవాణ్ణి. వర్క్‌షాపు నీలం బట్టల కింద ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి. అందరూ పాత టైర్ల మీద కూర్చుని టీ తాగుతుంటే నేను నిలబడి తాగేవాణ్ణి. బండి బాగైందని ఓనర్లు సంతోషంగా ఏమైనా చేతిలో పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకునేవాణ్ణి. వెనకాల 'దొర వచ్చినాడప్పా, లేయండి' అని నవ్వుకునేవాళ్లు. అందులో ఎగతాళి సగమే, మిగతా సగం మర్యాద అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

అక్కడ నాతోపాటు ఒకే నెలలో పనిలో చేరినవాడు ఒకడున్నాడు. పేర్లు రాయదలచుకోలేదు. ఆయనది హిందూపురమే కాబట్టి హిందూపురం ఆయన అంటాను. ముస్లిం. మాకంటే మంచి తెలుగు మాట్లాడే ఇల్లు వాళ్లది. ఆయన తాత మా తాత దగ్గర గుర్రాలు చూసేవాడు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ముప్పై ఏళ్లలో ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. ఈడు ఒకటే అయినా నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాణ్ణి.

పనిలో ఆయన నాకంటే ఒక మెట్టు పైన. ఇప్పుడు రాయడం సులభంగా ఉంది, అప్పట్లో మనసులో అనుకోవడం కూడా కష్టంగా ఉండేది. ఇంజను శబ్దం విని ఏ సిలిండరో చెప్పేవాడు. నాకు అది చెప్పడానికి సాధనాలు కావాలి. ఆయన్ను హెడ్ మెకానిక్ చేసిన రోజు నేను ముందుగా పోయి చేయి కలిపాను. ఆ సాయంత్రం బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా పెనుకొండ దాకా నిలబడే వచ్చాను.

విరమించుకున్నాక మా కొట్టంలో ఒక గుంత తవ్వించుకున్నాను. కొట్టం పైకప్పు సగం రేకులు, సగం కూలడానికి సిద్ధంగా ఉన్న పాత మిద్దె. నేల మాత్రం చెక్కు చెదరలేదు. పెద్ద పెద్ద నల్లబండలు, సందులో సూది కూడా దూరదు. వచ్చినవాళ్లకు ముందు ఆ నేలనే చూపించేవాణ్ణి. మూడు తరాల్లో ఒక్క బండ కదల్లేదు చూడండి అనేవాణ్ణి. మధ్యలో కొన్ని బండలు తీయించి, మనిషి నిలబడి పనిచేసుకునేంత లోతున గుంత తవ్వించి, బండి దాని మీద రెండు పక్కలా చక్రాలు పెట్టి నిలబడేటట్లు చేశాను. గుమ్మానికి ఎదురుగోడ పొడవునా గుర్రాలకు మేత వేసిన రాతిగాడి ఉంది. స్పానర్లు అందులో పెట్టుకునేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఇంకొకరి కప్పు కింద పనిచేసినవాడికి ఆ గాడిలో సొంత స్పానరు పెట్టుకోవడం ఎంత తృప్తిగా ఉంటుందో చెప్పలేను.

అక్కడికి ఒక రోజు, ఇంకా వర్క్‌షాపులోనే పనిచేస్తున్న హిందూపురం ఆయన ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ధర్మవరం మనిషి. పట్టుచీరలు నేసే ఇంటివాడు. ఎడమకాలు మోకాలి దాకా లేదు. చక్కెర జబ్బుకు తీసేశారు. గుంత మగ్గానికి రెండు కాళ్లూ కావాలి. గుంతలో కూర్చుని కింద కర్రలను ఒక కాలితో ఒకటి, ఇంకో కాలితో ఒకటి తొక్కుతుంటేనే దారాలు విడిపోయి, అడ్డదారం మోసే నాడెకు దారి ఇస్తాయి. చిన్నప్పటి నుంచి తెలిసిన ఒకే పని ఆ కాలితో పోయింది. మగ్గం భార్యకు వదిలి ఈయన చీరలు తీసుకుని ఊళ్లు తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో బస్సుల్లో. చంకలో కర్ర, భుజాన మూట. తాను మెట్టు ఎక్కేలోపల కండక్టరు విజిలు వేసేవాడని నవ్వుతూ చెప్పాడు. తర్వాత ఎవరో వాడి వదిలేసిన ఆటోమేటిక్ కారు ఒకటి కొన్నాడు. దానికి క్లచ్ పెడల్ ఉండదు, ఎడమకాలితో పని లేదు.

"నా కాలు పోయిందని ఊరికంతా తెలుసు సామీ. ఈ బండికి ఒక్కదానికే తెల్దు," అన్నాడు.

అందుకే ఆ బండి అంటే ఆయనకు ప్రాణం. గుడిబండ, రొళ్ల, నల్లమాడ ఏ ఊరికైనా సొంతంగా పోయేవాడు, సొంతంగా వచ్చేవాడు. ఈ మధ్య ఒకటో గేరు నుంచి రెండుకు పడేటప్పుడు కుదుపు ఇస్తోంది. షోరూములో అడిగితే ఇది సీల్డ్ గేర్‌బాక్సు, ఇందులో ఆయిలు జీవితకాలం వస్తుంది, మార్చే పనే లేదన్నారట. ఎవరి జీవితకాలమో వాళ్లు చెప్పరు.

హిందూపురం ఆయన ఆ బండి నడిపి చూసి, లోపల చెడిపోలేదు, ఆయిలు పాతదయిందని తేల్చాడు. పని తానే చేసి పంపవచ్చు. నాకోసం తీసుకొచ్చాడు. విరమించుకున్నాక నా దగ్గరికి పంక్చర్లూ బ్యాటరీలూ తప్ప రావడం లేదని ఆయనకు తెలుసు. నలుగురికీ చెప్పుకునే పని ఒకటి నా చేతిలో పెట్టాలనుకున్నాడు. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉన్నాను.

ఒక్క మాట మాత్రం అడిగాడు. "ఆదివారం మా షాపులో లిఫ్టు ఖాళీగుంటాది అన్నా. ఆడ చేద్దామా? గంట పని."

ఇక్కడే చేద్దాం అన్నాను. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు పని సంగతి కొంచెం చెప్పాలి. మామూలు గేర్‌బాక్సులో ఆయిలు ఎంత ఉందో చూడటానికి పుల్ల ఉంటుంది. తీసి, తుడిచి, ముంచి చూస్తే తెలిసిపోతుంది. సీల్డ్ బాక్సుకు ఆ పుల్ల లేదు. అడుగున ఒక బోల్టు ఉంటుంది, దాని లోపల చిన్న గొట్టం నిలబడి ఉంటుంది. ఇంజను నడుస్తుండగా ఆ బోల్టు విప్పితే గొట్టం మొన కంటే పైనున్న ఆయిలు కారిపోతుంది. ధార సన్నబడి చుక్కలు పడే సమయానికి బోల్టు బిగించాలి. అప్పుడు లోపల ఉన్నదే సరైన కొలత. దీనికి రెండు షరతులున్నాయి. ఆయిలు మరీ చల్లగానూ మరీ వేడిగానూ ఉండకూడదు, వేడెక్కితే పొంగి ఎక్కువ కారుతుంది. రెండోది, బండి సమంగా నిలబడి ఉండాలి. చెంబును వంచితే నీళ్లు ఒక పక్కకు చేరినట్టే లోపల ఆయిలూ చేరుతుంది.

ఇంకో మాట. పైన ఆయిలు పోసే బోల్టు విప్పి చూసుకున్న తర్వాతే కింద బోల్టు ముట్టుకోండి. కింద అంతా దించేసి, పైది తుప్పుపట్టి రాకపోతే, బండి అక్కడే నిలబడిపోతుంది. ఆ జాగ్రత్త నేను తీసుకున్నాను. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. బండి నేనే లోపలికి తెచ్చి, ముక్కు గాడి వైపు పెట్టి గుంత మీద నిలబెట్టాను. ధర్మవరం ఆయనకు గుమ్మం దగ్గర కుర్చీ వేశాను. చల్లారిన బండికి బోల్టు లోపలి గొట్టం కూడా తీసి పాత ఆయిలు దించి, మళ్లీ బిగించాం. కాఫీ డికాషన్‌లా వచ్చింది. గీతలున్న డబ్బాలో కొలిస్తే మూడున్నర లీటర్లు. కొత్తది, ఆ బాక్సుకు చెప్పిన రకమే, హిందూపురం ఆయన తెచ్చాడు. నాలుగు లీటర్లు పోశాం. అదనంగా పోసిన అర లీటరు కొలత చూసేటప్పుడు కారిపోవాలి. అది లెక్క.

ఇంజను స్టార్ట్ చేశాం. హిందూపురం ఆయన బ్రేకు తొక్కి ఒక్కొక్క గేరూ వేసి తీశాడు. తర్వాత దిగి, బండికి తగిలించిన స్కానరు చేతిలో పట్టుకుని ఆయిలు వేడి చదువుతున్నాడు. చేతిలో పట్టే చిన్న యంత్రం, ఆయన సొంతం. నేను గుంతలో ఉన్నాను. ముప్పై అయిదు డిగ్రీలు దాటగానే విప్పమన్నాడు. విప్పాను. ధార మొదలైంది.

సరిగ్గా అప్పుడు ధర్మవరం ఆయన ఇడ్లీ తిన్న చేతులు చెంబు నీళ్లతో గుమ్మం లోపలే కడుక్కున్నాడు. కర్ర పట్టుకుని బయటికి పోయి కడుక్కోవడం ఎందుకని నేనే ఈడే కడుక్కో అన్నాను. ఆ నీళ్లు బండల మీద పడి ఒక పక్కకు పారాయి. గుంతలో ఉన్న నాకు కనబడలేదు. హిందూపురం ఆయనకు కనబడ్డాయి.

"అన్నా, బోల్టు బిగించు. ఇంజను ఆపుదాం," అన్నాడు.

ఎందుకని అడిగాను.

"నేల వాలుండాది. బండి ముక్కు పైకుండాది. ఇట్లే వదిలితే ఆయిలు ఎక్కువ కారిపోతాది. వెనక చక్రాల కింద పలకలు పెట్టి మళ్లా చూద్దాం."

మా నేల వాలుగా లేదన్నాను. మూడు తరాల మాట మళ్లీ చెప్పాను. బండ కదలనిదే వాలు ఎట్లా వస్తుందన్నాను.

"బండ కదిలి కాదన్నా. పరిచినప్పుడే అట్ల పరిచినారు. గుర్రాల కొట్టం గదా. ఉచ్చ నిలబడితే గిట్టలు కుళ్లిపోతాయని గాడి పక్క ఎత్తు పెట్టి, నీళ్లు బయటికి పోయే మోరీ పక్కకు వాలు ఇస్తారు. మా తాత చెప్తాండె."

ఆయన గొంతులో ఎగతాళి లేదు. బండి గురించి ఒక మెకానిక్ ఇంకో మెకానిక్‌కు చెప్పే మాట, అంతే. కానీ నేను గుంతలో ఉన్నాను. తల ఎత్తి చూస్తే ఆయన నా కొట్టంలో, నా గాడి పక్కన, నాకంటే ఎత్తులో నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర ఇంకొక మనిషి వింటున్నాడు. నా ఇంటి గుర్రాల గురించి, నాకు తెలియని మాట, వాళ్ల తాత ద్వారా నాకు తెలుస్తోంది. మా ఇంట్లో గుర్రాలు ఎన్ని ఉండేవో నాకు నేర్పారు. వాటి కింద నేల ఎట్లుండాలో ఎవరూ నేర్పలేదు.

నేను అన్న మాట ఇది. మార్చకుండా రాస్తున్నాను.

"మీ తాత మా గుర్రాల ఉచ్చ ఎత్తినాడని, మా నేల సంగతి నాకు నువ్వు చెప్తావా?"

ఆయన ముఖం మారలేదు. కాసేపు స్కానరు వైపే చూశాడు.

"అవునన్నా, ఎత్తినాడు," అన్నాడు. "అందుకే మాకు తెలుసు."

స్కానరును గాడి అంచు మీద పెట్టాడు. విసిరేయలేదు. గుంతలో నిలబడిన నాకు అంకె కనబడేటట్లు, వైరు లాగి, తిప్పి పెట్టాడు. ఆ తిప్పడం ఇప్పటికీ కళ్లకు కనబడుతుంది. తర్వాత చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, ధర్మవరం ఆయనతో పోయొస్తా అని చెప్పి బస్టాండు వైపు నడిచాడు.

నేను ఆయన వీపునే చూస్తూ ఉండిపోయాను. స్కానరు చదవలేదు. చదివేసరికి యాభై మూడు. నలభై అయిదు దాటకముందే బిగించాల్సిన బోల్టు. వాలు మీద నిలబడిన బండి, వేడెక్కి పొంగిన ఆయిలు, రెండూ కలిసి ధార ఆగకుండా పోయింది. చుక్కలు పడేదాకా ఆగి బిగించాను. కారిన ఆయిలు కొలిస్తే అర లీటరు ఉండాల్సింది లీటరున్నర దాకా ఉంది. ఆ డబ్బా చేతిలో పట్టుకుని నేనేమనుకున్నానో తెలుసా? కంపెనీలో మొదట పోసినవాళ్లు ఎక్కువ పోసి ఉంటారు అనుకున్నాను. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి గదా.

పెనుకొండ వీధుల్లో నడిపి చూశాం. కుదుపు పోయింది. ధర్మవరం ఆయన ముఖం వెలిగిపోయింది. గేరు పడినట్టే తెలియడం లేదన్నాడు. హిందూపురం ఆయన అన్నం తినకుండా పోయినాడేమని అడిగాడు. బస్సు వేళైందని చెప్పాను.

పన్నెండు రోజులకు ఆయన ఫోన్ చేశాడు. చదును మీద బాగా పోతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదన్నాడు. మెకానిక్ అన్నవాడికి ఆ ఒక్క మాట చాలు. ఎత్తు మీద ఆయిలు వెనక్కి పోతోంది, పంపుకు అందడం లేదు, లోపల తక్కువగా ఉంది. ఆ పొద్దు తెప్పించి లీటరు పోసి ఉంటే బండి బతికేది. కానీ తక్కువ ఉందంటే వాలు ఉందని. వాలు ఉందంటే ఆయన చెప్పింది నిజమని. ఇంత దూరం ఆలోచించి నేను ఫోన్లో చెప్పిన మాట, "కొత్త ఆయిలు గదా, సర్దుకునేకి కొన్ని దినాలు పడుతుంది" అని.

"సరే సామీ. మీరు చెప్తే ఇంకేమి," అన్నాడు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం మళ్లీ ఫోన్ వచ్చింది. గుడిబండలో పెళ్లివాళ్లకు చీరలు చూపించడానికి పోతూ మడకశిర కొండ ఎక్కుతుంటే బండి ఆగిపోయింది. ఆటో మాట్లాడుకుని పోయాను. రోడ్డు పక్కన బండి, వెనక చక్రం కింద ఎవరో పెట్టిన రాయి. ధర్మవరం ఆయన నీడ లేని చోట కర్ర మీద ఆనుకుని, చీరల మూటకు ఎండ తగలకుండా దాని మీద తన తువ్వాలు కప్పి నిలబడి ఉన్నాడు.

ముందుకు వేసినా కదలడం లేదు, వెనక్కి వేసినా కదలడం లేదన్నాడు. బండి కింద దూరి బోల్టు కాస్త వదులు చేసి వేలి మీద రెండు చుక్కలు పట్టాను. నల్లగా, మాడిన వాసన. లోపల క్లచ్ పలకలు కాలిపోతే వచ్చే వాసన అది. ఒకసారి వచ్చిందంటే ఆ గేర్‌బాక్సుకు ఆయిలుతో పని లేదు.

ఆయన నా ముఖం వైపు చూస్తున్నాడు. నేను లేచి చేతులు తుడుచుకుని, "పాతబడిన బండి. దానికి కాలం తీరింది," అన్నాను.

ఆయన బానెట్ మీద చేయి పెట్టాడు. ఎండకు కాలుతుంటే తీసేశాడు.

"మీ చెయ్యి పడబట్టి ఈ ఇరవై దినాలన్నా నడిచిందిలే సామీ," అన్నాడు.

నేను అక్కడైనా చెప్పవలసింది. చీరల మూట ఎత్తి ఆటోలో పెట్టాను. ఒక కాలు లేని మనిషి మూట మోశానని నాలో నేను మెచ్చుకున్నాను కూడా.

ముందు చక్రాలు ఎత్తి బండిని మా కొట్టానికి లాక్కొచ్చారు. మర్నాడు ఒక్కణ్ణే ఆయిలంతా దించి కొలిచాను. ఉండాల్సిన దానికి లీటరు దాకా తక్కువ ఉంది. డబ్బా పక్కన పెట్టి, గాడి దగ్గరికి పోయి, చెంబుతో నీళ్లు బండల మీద పోశాను. నీళ్లు ఒక్క క్షణం ఆగలేదు. అటూ ఇటూ చూడకుండా, ఎవరో వేలు పట్టి నడిపించినట్టు బండి కింది నుంచి, గుంత పక్కనుంచి గుమ్మం పక్క గోడ కింది మోరీలోకి పోయాయి. చెమ్మ కూడా మిగల్లేదు. ఎంత చక్కగా పరిచారో. మా పెద్దలు పెట్టించిన పనులన్నింటిలోకీ ఇప్పటికీ నిలబడి తన పని తాను చేస్తున్నది అదొక్కటే. దాన్ని నేను రోజూ తొక్కుతూ, నలుగురికీ చూపిస్తూ, అది ఏమిటో తెలియకుండా బతికాను.

ఆ రకం గేర్‌బాక్సు కోసం బెంగుళూరు పాతసామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. పనికొచ్చేది దొరకలేదు. ఒకచోట దొరికింది, విప్పి చూస్తే దాంట్లోనూ అదే మాడిన వాసన. చివరికి బండిని తుక్కుకు తీసుకుపోయారు. తీసుకుపోయే రోజు ధర్మవరం ఆయన రాలేదు. డాష్‌బోర్డు మీద ఉండే చిన్న వెంకటరమణస్వామి పటం పంపమని మాత్రం ఫోన్ చేశాడు.

పటం పంపలేదు. నేనే తీసుకుని పోయాను. అంతకు ముందు రెండు నెలలు ఆ పటం గాడిలో స్పానర్ల పక్కన ఉంది.

ధర్మవరంలో వాళ్లది ఒక సందులో చిన్న ఇల్లు. ఒకే గది. గుంతలో కూర్చుని భార్య నేస్తోంది. ఆయన గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ నాడెలో పెట్టే దారం కండెలు చుడుతున్నాడు. మగ్గం ఇళ్లలో కండెలు చుట్టేది ముసలివాళ్లూ పిల్లలూ. నేను వాకిట్లో నిలబడగానే, "ఏమ్మే, సామికి కుర్చీ ఎయ్యి," అన్నాడు. కూర్చోలేదు. ఈసారి గర్వంతో కాదు.

పటం ఇచ్చి, వచ్చిన సంగతి చెప్పాను. నేల వాలు, స్కానరులో అంకె, లీటరున్నర కారడం, ఆయన ఫోన్ చేసినప్పుడే నాకు తెలియడం, కొండ మీద అబద్ధం చెప్పడం. అన్నీ వరసగా చెప్పాను. బస్సులో వస్తూ వరస పెట్టుకున్నాను కాబట్టి తడబడలేదు. ఆయన రాట్నం ఆపలేదు. నేను ముగించాక మాత్రం చేయి ఆగింది.

"హిందూపురం ఆయప్ప చెప్పినప్పుడు నేనూ ఆడే ఉంటి గదా సామీ," అన్నాడు. "నేను కడిగిన నీళ్లు యాడికి పోయినాయో నేనూ చూస్తి."

చూసి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ముప్పై ఏండ్లు మీతో పనిచేసిన మనిషికే ఆ జవాబు వచ్చె. ఇంక నేనేమి చెప్పేది." మళ్లీ రాట్నం అందుకున్నాడు. "బండి నాది. కాలు నాది. నోరు మూసుకునింది కూడా నేనే. దాంట్లో మీదొక్కరిదే తప్పు అంటే ఎట్ల?"

గుంతలో ఆమె మగ్గం ఆపింది. నా వైపు చూడలేదు. రెండు కాళ్లూ సర్దుకుని మళ్లీ తొక్కింది.

తిట్టి ఉంటే ఆ తిట్లు పట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. ఆయన నాకు తప్పులో సగం తగ్గించి పంపాడు. మా ఇంటికి ఊళ్లో ఇంకా మిగిలి ఉందని నేను మురిసిపోయిన మర్యాద ఏదైతే ఉందో, అదే ఆయన నోరు మూయించింది. ఆ మర్యాద లేని ఇంట్లో ఆ బండి నిలబెట్టి ఉంటే, అయ్యా నీళ్లు పారుతున్నాయి చూడు అని చెప్పి ఉండేవాడు. ఈ పాటికి రొళ్లకో నల్లమాడకో తనంతట తాను పోయి వస్తూ ఉండేవాడు.

ఆ తర్వాత నేను ఏ బండీ ముట్టుకోలేదు. గుంత మీద బండలు మళ్లీ వేయించాను. వేయడానికి వచ్చిన మేస్త్రీ దారం పట్టి చూసి, ఈడ వాలుండాది సార్, సమం చెయ్యల్లనా అని అడిగాడు. వద్దు, ఉన్నట్టే వేయమన్నాను.

పని నేర్చుకునే మీకు చెప్పవలసింది పైన చెప్పేశాను. పోసే బోల్టు ముందు. వేడి చూసుకోండి. బండి కింద నేల మీద నీళ్లు పోసి చూడండి, నేల ఎవరిదైనా సరే.

స్కానరు ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన తీసుకుపోవడానికి రాలేదు, ఎవరినీ పంపలేదు, ఫోన్ చేసి అడగలేదు. పాతది, దానికంటే మంచివి ఇప్పుడు చాలా వచ్చాయి. అయినా ఆయన సొంత సంపాదనతో కొన్న మొదటి యంత్రం అది, దానికి తన చేతితో కుట్టుకున్న రెగ్జిన్ సంచి కూడా ఉంది. నెలకొకసారి చార్జింగ్ పెడతాను. ధర్మవరం పోగలిగాను. ఒక కాలు లేని మనిషి ముందు నిలబడి అంతా చెప్పగలిగాను. పెనుకొండ నుంచి హిందూపురానికి బస్సులు పొద్దంతా ఉన్నాయి. రెండుసార్లు ఆ సంచి చేత్తో పట్టుకుని బస్టాండు దాకా పోయాను. బస్సు వచ్చింది, సీట్లు ఖాళీగా ఉన్నాయి. నిలబడే ఉండి, బస్సు పోయాక ఇంటికి వచ్చాను.

గాడి అంచు మీద, అంకె గుంత వైపు కనబడేటట్లు, ఆయన పెట్టినచోటే పెట్టాను.